నోరు కట్టుకోమన్నవాళ్ళు

"తాళంచెవి ఇవ్వమ్మా."

నూరిస్ తల తిప్పలేదు. వీధరుగు మీద బొగ్గుల పొయ్యి, పొయ్యి మీద మరుగుతున్న నూనె. అందులోకి మొక్కజొన్న రొట్టెను నెమ్మదిగా జారవిడిచి చిల్లుల గరిటె అందుకుంది.

"దూరంగా నిలబడు. నూనె చిందుతుంది."

"ఫ్రిజ్‌కి తాళం ఎందుకేశావని అడగడం లేదు. చెవి ఇవ్వమంటున్నాను. ఎనిమిదింటికి నేను రేడియోలో మైకు ముందుండాలి."

"వెళ్ళు. ఎవరాపారు?"

"తిని వెళ్ళాలి."

రొట్టెల కోసం బల్ల మీద కూర్చున్న ఇద్దరు మగవాళ్ళు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. వాళ్ళలో మోటారుబైకు టాక్సీ నడిపే అతను ఊరుకోలేకపోయాడు. "రెండు గుడ్లకి ఇంత రభసెందుకు నూరిసమ్మా? నా రొట్టెలో గుడ్డు తీసి మీ అమ్మాయికి పెట్టెయ్. నేను ఉత్త రొట్టె తింటాలే."

పక్కవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"దానికి గుడ్లు దొరక్క కాదు నాయనా," అంది నూరిస్, కూతురితో కాకుండా వాళ్ళతో. "మొదట్లో బాగానే తగ్గింది. ఊరంతా చూసింది. నాలుగు నెలల నుంచి తూకం ముల్లు అక్కడే అతుక్కుపోయింది. ముల్లు కదలకపోతే మనిషన్నవాళ్ళు ఏం చేస్తారు? ఇంకాస్త నోరు కట్టుకుంటారు. ఇది చూడు, పొద్దున్నే గుడ్లు, చేపముక్క, చిక్కుడుగింజలు. పెళ్ళి విందుకొచ్చినట్టు."

"డాక్టర్ తినమంది."

"ఏ డాక్టరు? ఆ మోంతేరియా ఆవిడా? గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది. ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది."

"లోపలికి రా అమ్మా. లోపల మాట్లాడుకుందాం."

"లోపలెందుకు? వీధిలో ఎవరికి తెలియదని? నువ్వు వాళ్ళకి కనబడటం లేదా?"

ఆ మాటతో దగ్గుతున్నవాడు కూడా దగ్గు ఆపేశాడు.

దినలూస్ తల్లి వీపు వైపు చూస్తూ నిలబడింది. చెమటకి జాకెట్టు ఒంటికి అంటుకుపోయిన ఆ వీపు వెడల్పాటిది, అచ్చం తన వీపులాగే. లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో అనీబాల్ కాఫీ తాగుతున్నాడు. పక్క నగరం మోంతేరియాకి మినీబస్సు నడుపుతాడు. మొదటి ట్రిప్పుకి ఇంకా టైముంది. భార్య రావడం చూసి, కప్పులో కలపడానికి ఏమీ లేకపోయినా చెంచాతో కలపడం మొదలుపెట్టాడు.

ఫ్రిజ్ తలుపుకి ఒక కొండీ, పక్కగోడకి ఇంకో కొండీ, రెంటినీ కలుపుతూ పసుపుపచ్చ ఇత్తడి తాళం. కొండీలు వంకర లేకుండా, మేకులు సూటిగా దిగాయి. తల్లి చేతికి అలాంటి పని రాదు.

"ఏ తాళానికైనా రెండు చెవులిస్తారు కదా," అంది దినలూస్. "రెండోది ఎక్కడుంది?"

అనీబాల్ చెయ్యి తనంతట తానే ప్యాంటు జేబు మీదికి వెళ్ళింది. వెళ్ళాక ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

దినలూస్ ఆ చేతినే చూసింది.

"కొన్నది నువ్వా."

"దినా, ముందు విను."

"బిగించింది కూడా నువ్వే."

"అత్తయ్య అడిగింది. నేనూ ఆలోచించాను. బర్రాంకియా క్లినిక్ వాళ్ళు ఏమన్నారు? ఆ బరువుకి దిగితేనే పిల్లల కోసం వైద్యం మొదలుపెడతామన్నారా లేదా? వచ్చే నెలలో మళ్ళీ తూస్తారు. పిల్ల కావాలని వెక్కివెక్కి ఏడ్చింది నువ్వే కదా. నీ కోసమే చేశాను."

"ఏడ్చాను. ఆకలేసి కూడా ఏడ్చాను, మన మంచం మీద, నీ పక్కనే. అది నీకెప్పుడైనా వినబడిందా?"

అతను జేబులోంచి చెవి తీసి బల్ల మీద పెట్టి, వేలితో ఆమె వైపు తోశాడు. "ఇదిగో. తీసుకో. గొడవొద్దు."

అదే ఆమెకి భరించరానిదయింది. ఇంతసేపూ అది ఆ జేబులోనే ఉంది. వీధిలో తల్లి తనని గుడ్డు రొట్టెలతో పాటు అమ్మకానికి పెడుతుంటే, ఇతను ఇక్కడ కూర్చుని వింటూ చెంచా తిప్పాడు.

ఆమె ఆ చెవి ముట్టుకోలేదు. పెరట్లోకి వెళ్ళి, బియ్యం దంచే రోటి దగ్గర ఆనించి ఉన్న రోకలి పట్టుకొచ్చింది.

"దినా, పిచ్చిపని చెయ్యకు."

మొదటి దెబ్బకి తాళం ఊగింది. రెండో దెబ్బ తలుపుకి తగిలి తెల్లరంగు లేచిపోయింది. ఆ తర్వాత ఎన్ని వేసిందో ఆమెకి తెలియదు. తాళం చెక్కుచెదరలేదు. గోడలో ఉన్న కొండీయే సిమెంటు పెళ్ళతో సహా ఊడి కిందపడింది. తలుపు దానంతట అదే తెరుచుకుంది. లోపల దీపం వెలిగింది. మిగిలిన కొబ్బరన్నం, చేపలు, పులిసిన మీగడ సీసా, గుడ్లు. ఏమీ ఎరగనట్టు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆమె గుడ్లు వేయించుకుంది. అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తల వంచుకోకు. చూడు. నేను తినడం చూడు. దొంగతనంగా తింటున్నానని కదా మీ ఇద్దరి అనుమానం. ఎదురుగా తింటున్నాను."

అనీబాల్ కప్పులోకే చూశాడు.

చప్పుడు విని వచ్చిన నూరిస్ గడపలో ఆగిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది, దాని చివర్నుంచి నూనె బొట్లుగా నేల మీద పడుతోంది.

"గోడ పగలగొట్టావు."

"అవును."

"తిండి కోసం గోడ పగలగొట్టావు. నీకు సిగ్గు లేదటే?"

"ఉండేది." దినలూస్ నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగింది. "ఈ ఇంట్లో అన్నం కన్నా ముందు నాకు పెట్టింది అదే. తొమ్మిదేళ్ళ వయసులో, చర్చిలో మొదటి కమ్యూనియన్‌కి గౌను పట్టలేదని వీధిలో నిలబెట్టి విప్పించావు. అప్పట్నుంచి తింటూనే ఉన్నాను సిగ్గు. ఇక చాలు."

నూరిస్ వెనుతిరిగి అరుగు మీదికి వెళ్ళిపోయింది. కాసేపటికి బయట్నుంచి ఆమె గొంతు మామూలుగానే వినిపించింది. "ఎవరికయ్యా, బీఫుదా, గుడ్డుదా?"

దినలూస్ కంచం కడిగి బోర్లించింది. ఇంట్లో వాళ్ళకి చెప్పని సంగతి ఒకటి ఆమె దగ్గరుంది. ఆ పొద్దున, తాళం చూడకముందు, స్నానాలగదిలో తూకం మీద నిలబడితే ముల్లు కిందికి దిగింది. పెద్దగా కాదు, కళ్ళు చికిలించి చూస్తే తెలిసేంత. నాలుగు నెలల తర్వాత మొదటిసారి. అమ్మా అని కేకేద్దామని తడి కాళ్ళతోనే వంటింట్లోకి పరుగెత్తింది. అక్కడ ఆ పసుపుపచ్చ తాళం కనబడింది.

ఇప్పుడు చెప్పదు. వీళ్ళకి చెప్పదు.

స్టేషనుకి నడిచే వెళ్ళింది. నది ఒడ్డున బోకాచీకో చేపల బుట్టలు దించుతున్నారు. ఎండ అప్పుడే నెత్తికెక్కుతోంది.

ఈ ఊళ్ళో మొదట చూసిన డాక్టరు, పరీక్ష కాగితాల మీంచి తలెత్తకుండానే, "నోరు కట్టుకోండి" అన్నాడు. అదే మందు, అదే పథ్యం. ఆమె కట్టుకుంది. పొద్దున చక్కెర లేని కాఫీ, మధ్యాహ్నం పెండలం ముక్కలు తీసేసిన పులుసునీళ్ళు, రాత్రికి బొప్పాయి ముక్క. మొదట బట్టలు వదులయ్యాయి, వీధి మెచ్చుకుంది, తల్లి మెచ్చుకుంది. తర్వాత ముల్లు ఆగింది. ఆమె ఇంకా తగ్గించింది. జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చింది. జనమంతా విసనకర్రలు ఊపుకునే మధ్యాహ్నాల్లో ఆమెకి చలేసింది. మైకు ముందు వార్తలు చదువుతుంటే అక్షరాలు ఈదాయి. ముల్లు మాత్రం కదల్లేదు. తింటోంది, దాచుకుని తింటోంది అన్నారు ఇంట్లో. ఒకరోజు నిజంగానే తింటున్నానేమో, నిద్రలో లేచి తింటున్నానేమో అని తనని తాను కూడా అనుమానించింది.

మోంతేరియాలో డాక్టర్ సొరాయా మొదట కాగితాలు చూడనేలేదు. "నిద్ర పడుతోందా?" అని అడిగింది. "మెట్లెక్కితే కాళ్ళు వణుకుతాయా? నెలసరి వచ్చి ఎన్నాళ్ళయింది?" మెడ మీద నల్లబడ్డ చర్మాన్ని, చుబుకం కింద వెంట్రుకల్ని చూసింది. చూసి మొహం చిట్లించలేదు.

"మీరు తక్కువ తింటున్నారమ్మా. బాగా తక్కువ."

దినలూస్‌కి నవ్వొచ్చింది. "ఈ మాట మా ఇంటికొచ్చి చెబుతారా?"

"ఇది పీసీఓఎస్ అనే హార్మోన్ల జబ్బు. దీనివల్ల మీ ఒంట్లో ఇన్సులిన్ పని సరిగా సాగదు. దాని మీద మీరు కటిక ఉపవాసం పెట్టారు. కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. ఒళ్ళు భయపడి ఖర్చు తగ్గించేసుకుంది. ఇక ఎంత మాడినా తగ్గదు. మందు మారుస్తాను. పొద్దున్నే గుడ్లు, చేప, గింజలు తినండి. బరువులెత్తండి. రాత్రి నిద్రపొండి."

"పెరిగిపోతాను."

"మొదట కాస్త పెరగొచ్చు కూడా. తర్వాత నెమ్మదిగా దిగుతుంది. కొన్ని వారాలు కదలదు. అది మీ తప్పు కాదు."

బస్టాండులో బల్ల మీద కూర్చుని ఆ చివరి మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంది దినలూస్. అది వింటే మనసు తేలికపడాలి. పడలేదు. కోపం రగిలింది. నా తప్పు కాకపోతే, ఇన్నేళ్ళూ నన్నెందుకు తిట్టారు? ఆ రగిలినది ఇవాళ్టిదాకా ఆరలేదు. పెరట్లో మొక్కజొన్న బస్తా ఎత్తి దించుతున్నప్పుడల్లా అదే ఆమె చేతుల్లోకి బలమై వచ్చింది.

రేడియో స్టేషను ఒక ఇనుపసామాను కొట్టు పైన ఉంది. స్టేషను యజమాని రుబియేల్ మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. మంచి బట్టలు కట్టుకునే మనిషి. ఇవాళ మరీ ఉత్సాహంగా ఉన్నాడు.

"దినలూస్ గారూ, కొత్త ప్రకటన. పాటయ్యాక ఇది చదవాలి. మీ గొంతుతోనే కావాలన్నారు."

కాగితం మీద పెద్ద అక్షరాలున్నాయి. ఒళ్ళు తగ్గించే టీ. పేరు సిల్వెతా.

ఆమె మొదటి వాక్యాలు చూసి కాగితం తిరిగి ఇచ్చింది. "'నేనూ తాగాను, నేనూ తగ్గాను' అని ఉంది. నేను తాగలేదు."

"తాగినట్టు చదవండి. సబ్బు ప్రకటనలు చదివినప్పుడు ఆ సబ్బుతోనే స్నానం చేశారా?"

"సబ్బు సంగతి వేరు. ఈ ఊరంతా నన్ను చూస్తుంది రుబియేల్ గారూ."

"చూస్తుంది కాబట్టే మీరు చదవాలి. మునుపు ఎలా ఉండేవారో చూశారు, తర్వాత తగ్గడమూ చూశారు. ఆ తగ్గింది టీ వల్ల అంటే ఎవరికి నష్టం? ఈ మధ్య ఆగిపోయినట్టుంది అనుకోండి, అది వేరే సంగతి." గొంతు తగ్గించి స్నేహంగా చెప్పాడు. "నిన్న బస్టాండులో మీ ఆయనతో కూడా మాట్లాడాను. సరే అన్నాడు. రెండు డబ్బాలు ఇంటికి కూడా పట్టుకెళ్ళాడు."

దినలూస్ ఎక్కబోయిన మెట్టు మీంచి వెనక్కి తిరిగింది.

"ఏమన్నాడు?"

"'ఏదో ఒకటి పనిచేస్తే చాలు సార్' అన్నాడు. పాపం, మంచివాడు."

ఆమె చెయ్యి చాచి కాగితం తీసుకుంది. రుబియేల్ సంతోషంగా తన గదికి వెళ్ళిపోయాడు.

పాట అయిపోయింది. అద్దానికి అవతల సాంకేతిక పని చూసే ఓస్మాన్ వేలు చూపించాడు. ఎర్రదీపం వెలిగింది.

"లోరికా వాసులూ, ఇంకా దినలూస్ బెర్రోకాలే మాట్లాడుతోంది. ఇప్పుడొక ప్రకటన." ఊరికి తెలిసిన ఆ సన్నని, తేలికైన గొంతుతోనే మొదలుపెట్టింది. "'ఒంటి బరువుతో విసిగిపోయారా? నేనూ మీలాగే ఉండేదాన్ని. సిల్వెతా టీ తాగాను...'"

ఆపేసింది.

ఓస్మాన్ తలెత్తి చూశాడు.

"తాగలేదు," అంది దినలూస్. "నేను ఈ టీ తాగలేదు. ఇది అబద్ధం. ఇందులో ఏముందో నాకు తెలియదు, రాసిచ్చినవాళ్ళకి తెలుసో లేదో కూడా తెలియదు. నాకొక జబ్బుంది. హార్మోన్ల జబ్బు. దానివల్ల లావయ్యాను, దానివల్ల గడ్డం మొలుస్తుంది, దానివల్ల నెలసరి సరిగా రాదు, కడుపు నిలవదు. తిండిపోతునై కాదు. నోరు కట్టుకోమన్నారు, కట్టుకున్నాను. ఈ కుర్చీలో కూర్చుని మీకు మామిడిపళ్ళ ధరలు చదివేటప్పుడు నాకు కళ్ళు తిరిగేవి. మీకు తెలియదు, ఎందుకంటే నా గొంతు నవ్వుతూనే ఉంది. అంత మాడినా ముల్లు కదలకపోతే మా ఇంట్లో ఇవాళ ఫ్రిజ్‌కి తాళం వేశారు. కుక్క అన్నంలో మూతి పెట్టకుండా తలుపేసినట్టు, నాకు వేశారు."

రుబియేల్ అద్దం అవతలికి వచ్చేశాడు. చేత్తో గొంతు కోసుకుంటున్నట్టు సైగ చేస్తున్నాడు. ఓస్మాన్ చెయ్యి మీట మీద ఉంది. అతను రుబియేల్‌ని చూశాడు, దినలూస్‌ని చూశాడు. మీట దించలేదు.

"ఇప్పుడు నేను తింటున్నాను. కడుపునిండా తింటున్నాను. వినండి, తిన్నాకే ముల్లు కదిలింది. మా ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఇందులో ఎవరికైనా ఏదైనా చెప్పాలని ఉంటే ఫోను నంబరు మీకు తెలుసు."

గదిలో ఫోను దీపాలు వెంటనే వెలగలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకి భయమేసింది. తర్వాత ఒకటి వెలిగింది. ఆ వెంటనే అన్నీ.

మొదట ఒక మగగొంతు. "ఏమ్మా, పొద్దున్నే ఈ ఆడవాళ్ళ రోగాల గోల మాకెందుకు? తిండి తగ్గించుకుని ఇంటిపని చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి."

"మీ నడుం ఎంతండీ?"

"నాదా? నాదెందుకు?"

"నాది ఊరంతా చర్చించొచ్చు, మీది చెప్పడానికి మొహమాటమా? కొలుచుకుని మళ్ళీ ఫోను చెయ్యండి. వింటాం."

ఓస్మాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత నది అవతలి పల్లె నుంచి ఒకావిడ. కూతురికి పదహారేళ్ళట. గడ్డం వస్తోందని బడి మానేసిందట. "తిట్టానమ్మా. కొట్టాను కూడా. మీరు ఏ డాక్టరుకి చూపించుకున్నారు?" దినలూస్ చెప్పింది. ఆవిడ ఏడుస్తూ పెట్టేసింది. ఇంకో అమ్మాయి పెళ్ళిచూపుల మాట చెప్పింది. ఇంకొకామె ఏమీ చెప్పలేదు, ఊపిరి మాత్రం వినిపించింది.

రుబియేల్ అరవడం మానేశాడు. గోడకి ఆనుకుని తన ఫోనులో ఎవరికో వంగివంగి క్షమాపణలు చెప్పుకుంటున్నాడు.

"ఇంకెవరున్నారు లైన్లో? చెప్పండమ్మా."

"నేను పేరు చెప్పను," అంది ఒక గొంతు.

దినలూస్ వేళ్ళు మైకు కాడ మీద బిగుసుకున్నాయి.

"పేరు చెప్పను. ఒకటే అడగాలి. మీరు గడ్డం అన్నారు కదా." ఆ గొంతు ఆగింది, మళ్ళీ సాగింది. వీధిలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. ఇప్పుడు మాత్రం ఎవరైనా వింటారేమోనన్నట్టు లోగొంతుకతో మాట్లాడుతోంది. "నేను పెళ్ళయినప్పట్నుంచి గీసుకుంటున్నాను. మా ఆయన లేవకముందే లేచేదాన్ని. ఆయన చచ్చిపోయేదాకా ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు. ముగ్గురు కడుపులోనే పోయారు. మా అత్త నన్ను గొడ్రాలు అంది, ఏనుగు అంది. తర్వాత ఒక్కత్తి నిలిచింది. ఆడపిల్ల. అది నాలాగా కాకూడదని... దానికి చిన్నప్పట్నుంచే... నేను భయపడి..."

మాట తెగిపోయింది.

"అది ఒకటే జబ్బా?" అంది గొంతు. "నా దగ్గర్నుంచే దానికొచ్చిందా? అది చెప్పండి చాలు."

జవాబు దినలూస్‌కి తెలుసు. తల్లి నుంచి కూతురికి రావచ్చని సొరాయా చెప్పింది. మీ అమ్మగారికి ఉందా అని అడిగితే, మా అమ్మకి ఏ రోగమూ లేదండీ, ఇనుములాంటి మనిషి అని తనే చెప్పింది.

ముందు దుఃఖం వచ్చింది. దాని వెనకే, అంతకన్నా వేగంగా, కోపం వచ్చింది. ముప్పై మూడేళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే స్నానాలగదిలో, ఒకే అద్దం ముందు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్కసారి ఇదిగో నాకూ ఇలాగే అని చుబుకం చూపించి ఉంటే సరిపోయేది. దానికి బదులు గౌను విప్పించింది, తాళం వేసింది, వీధిలో నిలబెట్టింది. ఇప్పుడు పేరు చెప్పనట.

అద్దం అవతల ఓస్మాన్ ఏమిటన్నట్టు చేతులు చాచాడు.

"చెబుతాను," అంది దినలూస్. ఊరికి తెలిసిన ఆ సన్నని గొంతు ఎటో పోయింది. "కానీ ఇవాళ నేను నా పేరుతో మాట్లాడాను. నా జబ్బు, నా ఒళ్ళు, మా ఇంటి సంగతి, అన్నీ నా పేరుతోనే చెప్పాను. మీ అమ్మాయిని కూడా ఊరంతా పేరు పెట్టే అంది, మీతో సహా. కాబట్టి ముందు మీ పేరు చెప్పండి."

"అమ్మాయ్..."

"పేరు చెప్పండమ్మా. ఊరు వింటోంది."

అవతల నూనె చిటపటలు వినిపిస్తున్నాయి. ఎవరో రొట్టె అడుగుతున్నారు, ఆమె వాళ్ళకి బదులివ్వడం లేదు.

లైను మాత్రం తెగలేదు.